వదిన పెట్టిన పథ్యం

వెల్డర్ తిండి గురించి ఒకరు కన్నీళ్ళు పెట్టుకోవడం అదే మొదటిసారి. ఆ ఒకరూ స్వయానా వదిన.

చేసిన నేరం పెద్దదేం కాదు. షెడ్డులో తోటివాడికి కొడుకు పుట్టాడని భోజనాలు పెడితే నాలుగు మటన్ ముక్కలు తిన్నాడు. కడుపులో మాట దాగని మనిషి కనుక, సాయంత్రం క్యారేజీ తిరిగిస్తూ వదినకు చెప్పేశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"రెండు నెలల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదయ్యా. నీ లివర్ గురించి నీకు లేకపోయినా మాకుంది బెంగ."

వెల్డర్ సిగ్గుతో చచ్చిపోయాడు. లోలోపల మాత్రం ఎంత సంతోషించాడో చెప్పలేం.

అంతకుముందు ఆరేళ్ళు అతను ఆ గడప తొక్కలేదు. అన్నయ్య పెద్ద ఆఫీసరు. కూతురి పెళ్ళికి తమ్ముణ్ణి పిలవలేదు. కాలిన మచ్చల చేతులు వియ్యాలవారి కంట పడితే పరువు తక్కువట. తోడబుట్టినవాడు ఒకడున్నాడన్న సంగతే వాళ్ళు మరిచిపోయారు. భార్య పోయి ఒంటిగాడైన వెల్డర్ మాత్రం, తనొక్కడికే వండుకున్న ప్రతిసారీ ఆ ఇంటినే తలుచుకునేవాడు.

అలాంటిది, మూణ్ణెల్ల కిందట అన్నావదినలే అతని గది వెతుక్కుంటూ వచ్చారు. జరిగిందేదో జరిగింది, మరిచిపొమ్మన్నారు. నలభై దాటాక ఒంటిని నమ్మకూడదని, పట్టుబట్టి మరీ నెత్తురు పరీక్షలూ స్కానూ చేయించారు. లివర్‌కి కొవ్వు పట్టిందని తేలింది. ప్రాణానికి ముప్పేమీ లేదుగానీ, మాంసం, వేపుళ్ళు మానేసి ఆకులూ అలములూ తింటే కరుగుతుందట.

ఆ మర్నాటి నుంచీ క్యారేజీ వదినదే. ఉడికించిన శనగలు, పాలకూర, ఓట్స్, గుప్పెడు వాల్‌నట్స్. నూనె చుక్క లేదు, పంచదార పలుకు లేదు. మేకల్లో కలిశావేంట్రా అని షెడ్డులో ఆటపట్టించేవారు. నోటికి సహించకపోయినా గిన్నె అడుగు కనబడేదాకా తినేవాడు. ఆరోగ్యం మీద మోజుతో కాదు. మళ్ళీ తనకూ నా అన్నవాళ్ళు దొరికారన్న సంబరంతో. కొవ్వు కరగకపోతే వదిన విసిగిపోయి, ఆ తలుపు మళ్ళీ మూసేస్తుందేమోనని భయం కూడా.

అన్నయ్య గదిలోంచి బయటికొచ్చేదే తక్కువ. మనిషి బాగా చిక్కాడు. ఆఫీసులో పని ఒత్తిడి అనేది వదిన. అంత ఒత్తిడిలోనూ వారం వారం తమ్ముడి బరువు ఎంత తగ్గిందో అడగడం మానలేదాయన.

ఈ ఉదయం వెల్డర్ రెండో స్కాన్ రిపోర్టు తెచ్చాడు. వదిన గుమ్మంలోనే కవరు చించింది. చదివింది. కాగితాన్ని గుండెకు హత్తుకుని లోపలికి పరుగెత్తింది.

తనకు నయమైతే ఇంత ఆనందించే మనుషులున్నారా అనుకున్నాడు వెల్డర్. అన్నయ్య ముఖం కూడా చూడాలనిపించి ఆవిడ వెనకాలే నడిచాడు. గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి వదిన మాట స్పష్టంగా వినిపించింది.

"కొవ్వంతా పోయిందండీ, ఇక వాడి లివర్‌లో సగం కోసి మీకు పెట్టొచ్చు."