అందరితో సమానంగా

"ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యి తల్లీ. 'హెడ్ క్లర్కు మూడు నెలలు తిప్పించుకున్నాడు' అని రాస్తే, రిటైరయ్యే ముందు నా పరువేం కాను?"

"తిప్పించుకోలేదా సార్?"

"తిప్పాను. కాదనను. అయినా కొట్టెయ్యి."

ప్రతినిధి నవ్వి కొట్టేసింది. కాలేజీలో ఎల్జీబీటీ విద్యార్థుల ప్రతినిధిగా ఆమె ఏడాది పాటు చేసిన పనంతా నాలుగు పేజీల నివేదికై ఆయన బల్ల మీద ఉంది. పదవికి అదే ఆఖరు రోజు. హెడ్ క్లర్కు వేళ్ళకంటిన జిగురును చిత్తుకాగితానికి తుడుచుకుంటూ మిగతా పేజీలు తిరగేస్తున్నాడు.

ఏడాది కిందట ఇదే బల్ల ముందు నిలబడితే ఆయన తలెత్తి కూడా చూడలేదు. "నాటకాల సంఘం విన్నాను, చదరంగం సంఘం విన్నాను. ఇదేం సంఘమమ్మా?" అన్నాడు. గది అడిగితే మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే కొట్టు చూపించాడు. నోటీసు బోర్డు అడిగితే మేకులు లేవన్నాడు. ఆమెదేమో పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ప్రిన్సిపాల్ గది ముందు నాలుగు రోజులు బైఠాయించి కాగితం సాధించుకుంది. అందులో అసలైన వాక్యం తనే రాసిచ్చింది: "ఈ సంఘాన్ని అన్ని విషయాల్లోనూ మిగతా సంఘాలతో సమానంగా చూడవలెను." ఆ కాగితాన్ని హెడ్ క్లర్కు తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

ఆయన మారడం మాత్రం కాగితంతో జరగలేదు. ఒకరోజు పొద్దున, సంఘానికి చివరికి దక్కిన ఏడో నంబరు గది తలుపు మీద ఎవరో బూతులు రాసిపోయారు. ఆమె వెళ్ళేసరికి ఆయన ప్యాంటు పైకి మడిచి, బకెట్టు పక్కన పెట్టుకుని తలుపు కడుగుతున్నాడు. "చూస్తావేం, ఆ గుడ్డ ఇలా అందుకో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఆయన మీద గురి కుదిరింది.

ఏ సంఘంలో పనిచేసినవాళ్ళకైనా ఏడాది చివర సర్టిఫికెట్టు వస్తుంది, దానికి ఐదు మార్కులు కలుస్తాయి. తమవాళ్ళకు మాత్రం ఎందుకు రాకూడదని ఆమె పట్టుబట్టింది. దానికి అసలు పేర్లు కావాలి. పదకొండు మంది సభ్యులూ నీళ్ళు నమిలారు. అందరికంటే ఎక్కువ భయపడింది పిచ్చుక. పిట్టంత మనిషి కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

"నిజం పేరే రాయాలా అక్కా?"

"రాయాలి. ఆ జాబితా హెడ్ క్లర్కు గారి బీరువా దాటదు. పరాయివాళ్ళ కంట పడనివ్వనని ఆయనే మాటిచ్చారు."

"మా నాన్నకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? సర్టిఫికెట్టు నా చేత్తో తెచ్చి నీ చేతిలో పెడతాగా."

పిచ్చుక ఎడమ చేత్తో సంతకం పెట్టింది. కిందటి సెలవుల్లో ఫోన్లో ఎవరో అమ్మాయి ప్రేమగా పంపిన రెండు ముక్కలు చూసి, వాళ్ళ నాన్న ఆమె కుడి చేతి వేళ్ళను తలుపు సందున పెట్టి నొక్కాడు. స్నేహితురాలు ఆటపట్టించిందని ఒట్టేసి చెబితే అప్పటికి వదిలాడు. "ఇంకోసారి ఇలాంటిది తెలిస్తే వేళ్ళతో ఆగను" అని మరీ కాలేజీకి పంపాడు.

ప్రతినిధి ఇంటి సంగతి వేరు. తన సంగతి చెప్పిన రోజు అమ్మ ఒక పూట భోజనం మానేసింది, నాన్న రెండు రోజులు పేపరు చాటున దాక్కున్నాడు. అంతటితో సరి. ఆ నాన్నే, కిందటేడు ఆమెకు చదరంగం సంఘం సర్టిఫికెట్టు వస్తే, ఆమె సెలవులకు ఇల్లు చేరేసరికే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించి ఉంచాడు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కావడంతో ధైర్యం చెప్పడం ఆమెకు తేలిక.

హెడ్ క్లర్కు ఆఖరి పేజీ దగ్గర ఆగాడు.

"'ఈ ఏడాది మా సభ్యుల్లో ఒక్కరి పేరూ బయటకు పొక్కలేదు.' ఇది బాగా రాశావమ్మా."

"అది మీ పుణ్యమే సార్."

ఆయన మొహమాటంగా కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఇంతలో ఆమె ఫోను మోగింది. పిచ్చుక.

"అక్కా, అందరం ఏడో నంబరు గదిలో ఉన్నాం. తొందరగా రావా? ఆరింటి బస్సుకి నేను ఇంటికెళ్ళాలి. సర్టిఫికెట్టు నలగకుండా ఫైలు కూడా కొనుక్కున్నా."

"ఐదు నిమిషాల్లో వస్తున్నా." ఫోను పెట్టేసి ప్రతినిధి లేచి నిలబడింది. "ప్రిన్సిపాల్ గారు సంతకాలు పెట్టారా సార్?"

"పెట్టకపోతే ఊరుకుంటానా? పదకొండూ దగ్గరుండి పెట్టించాను. పేర్లన్నీ నా దస్తూరీయే. సంఘం పేరు ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాల్లో రాశాను. నా సొంత కూతురి దరఖాస్తు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. మెట్ల కింద కొట్టు చూపించిన మనిషి ఇలా అయ్యాడంటే, ఏడాది చాకిరీ ఊరికే పోలేదనిపించింది. చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి సార్, వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

హెడ్ క్లర్కు ఆ చేతిని వింతగా చూశాడు. తర్వాత బల్ల అద్దం మీద, ఆ కాగితం ఉన్నచోట, వేలితో రెండుసార్లు తట్టాడు.

"నీ చేతికిస్తే సమానమెలా అవుతుందమ్మా? మిగతా సంఘాలకు చేసినట్టే మీకూ చేశాను. అయినా కన్నవాళ్ళేమన్నా పరాయివాళ్ళా?"

"ఏం చేశారు సార్?"

"పొద్దుటి పోస్టులోనే అన్నీ వాళ్ళ నాన్నల పేర పంపించేశాను."