చేను చుట్టూ చీరలు

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడు అది.

శ్రీమన్నారాయణ మిరప చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టాడు. గాలికి రంగులు కదుల్తుంటే అడవిపందులు బెదురుతాయి. ఆ చుట్టుపక్కల అందరూ కట్టేదే.

కోతల ముందు, మేకలు కాసే పీరు పోయాడు. తెల్లారేసరికి ఆ చేను పక్కనే కాలవ గట్టు మీద పడి ఉన్నాడు. మొదట చూసింది శ్రీమన్నారాయణే. భుజాన వేసుకొని ఇంటికి తెచ్చాడు. గుండె ఆగిందన్నారు.

"రాయిలాంటి మనిషి. గుండెకేమొచ్చింది?"

పీరు భార్య కరీమున్ కనపడ్డ ప్రతివాళ్లనీ అడిగింది.

కాయ కల్లానికి చేరాక చీరాల నుంచి శ్రీదివ్య కారులో వచ్చింది. పాత చీరలతో కోట్లూ గౌన్లూ కుట్టించి పట్నాల్లో అమ్మే పిల్ల.

"ఎండకి వెలిసిన ఈ రంగు ఏ అద్దకంలోనూ రాదు బాబాయ్. ఇవి ఇవ్వండి, కొత్త చీరలిస్తా."

"ఇవ్వను."

"చేలో కాయే లేదు, ఇంకా పందులేంటి?"

ఆయన భార్య వెంకటరావమ్మకి ఒళ్లు మండింది.

"నాకెప్పుడన్నా ఒక్క చీర తెచ్చాడా! పందులకి మాత్రం బారుగా కట్టాడు."

ఆయన మిర్చి టిక్కీ బస్తాలు వేసుకొని గుంటూరు యార్డుకి పోయిన రోజు, చీరలన్నీ విప్పి ఇచ్చేసింది.

తిరిగొచ్చి బోసి కర్రలు చూసి ఆయన గట్టు మీద కూలబడ్డాడు. అన్నం ముట్టలేదు.

"పాత గుడ్డలకా ఇంత దిగులు?" అంది వెంకటరావమ్మ.

శ్రీదివ్య ఆ చీరలు కుట్టమని ఇచ్చింది ఊళ్లో మెషిన్ కుట్టే కరీమున్‌కే.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం కరీమున్ వాకిట్లోకి వచ్చింది. చేతిలో నీలం చీర. దాని పొడుగునా సన్నగా, నల్లగా కాలిన గీత.

"ఇది ఆ పిల్లకి తెగ నచ్చిందన్నా. డిజైనులా ఉంది, ఇట్లాగే ఉంచమంది. ఎట్లా కాలింది?"

"బీడీ."

"నువ్వు బీడీ తాగవుగా అన్నా."

శ్రీమన్నారాయణ నేల చూశాడు.

"మా ఆయనకి స్నానం చేయించేటప్పుడు చూశా. అరచేతిలో ఇట్లాంటి గీతే."

చీర మడిచి చంకలో పెట్టుకొని వెళ్లిపోయింది.

తెల్లారగానే శ్రీమన్నారాయణ, పీరు పోయిన పొద్దున ఆ చీరల వెనక నుంచి ఊడబీకి మోటారు షెడ్డులో దాచిన కరెంటు తీగని చుట్టగా చుట్టి తీసుకెళ్లి, కరీమున్ కుట్టుమెషిన్ మీద పెట్టాడు.