వెనక వాటా

ఇంటి వెనక పాడుబడ్డ రైలు పట్టాల మీద పెద్ద పార్కు కడతారట. కొత్త జాకెట్టు చూపించడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు చెప్పిందని పెద్దకోడలు ఆ మాట భర్త చెవిన వేసింది. పచ్చికట, పూలట, నడవడానికి బాటట. ఏవేవో దేశాల్లో మూలపడ్డ లైన్లన్నీ ఇలాగే పార్కులైపోయాయట, వాటి పక్కనున్న ఇళ్ల ధరలకు రెక్కలొచ్చాయట.

సూపరింటెండెంటుగా రిటైరైన భర్తగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. పంపకాలప్పుడు, నలుగురూ వచ్చిపోయే మనిషినని వీధివైపు వాటా ఆయన తీసుకుని, పట్టాలవైపుది తమ్ముడి మొహాన కొట్టాడు. ఆ వైపు ముళ్లకంపలూ, వీధివీధంతా విసిరే చెత్తా తప్ప ఇంకేం లేవు. చెత్తలో సింహభాగం అన్నగారింటిదే. తమ్ముడూ మరదలూ బట్టలు కుట్టి బతుకుతారు. కుట్టించుకునేవాళ్లు ముక్కు మూసుకుని సందులోంచి రావాలి. వీధిగుమ్మం పక్కన చిన్న బోర్డు పెట్టుకుంటామని మరదలు ఒకసారి అడిగితే, ఇంటి పరువేం కావాలన్నాడు బావగారు.

మర్నాడు ఆయన వెనక్కి వెళ్లి చూశాడు. కంపల మధ్య, పట్టాల పొడవునా పసుపురంగు గుర్తులున్నాయి.

"ఇవెవరు పెట్టారమ్మాయ్?"

"కొలతలవాళ్లు బావగారూ. ఎండన పడి వచ్చారు పాపం, మంచినీళ్లిచ్చాను."

"ఎందుకు కొలుస్తున్నారో అడిగావా?"

"అవన్నీ నాకేం తెలుస్తాయి బావగారూ."

దీనికి కుట్టుమిషను తప్ప లోకం తెలీదని ఆయన లోలోపల నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రమే తమ్ముడి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఇన్నేళ్లు మీరు ఆ కంపులో పడుంటే నాకు అన్నం సయించడం లేదురా, వాటాలు మార్చుకుందాం అన్నాడు. తమ్ముడు నేల చూపులు చూశాడు. మరదలు మాత్రం వద్దంటే వద్దంది. అలవాటైపోయిన చోటు వదల్లేమని కళ్లొత్తుకుంది కూడా. ఆమె బెట్టు చేసినకొద్దీ ఆయన బతిమాలాడు. చివరికి ఒప్పుకున్నాక, ఎక్కడ మాట మారుస్తారోనని రిజిస్ట్రారు ముందు కూర్చోబెట్టి సంతకాలు పెట్టించాడు.

దర్జీ బోర్డు వీధికెక్కింది. అన్నగారు వెనక్కి దిగాడు. గోడ పగలగొట్టించి పట్టాలవైపు పెద్ద కిటికీ పెట్టించాడు. దాని ముందు పడక్కుర్చీ వేయించాడు. నడకకని తెల్లబూట్లు కొన్నాడు. లేని పార్కుకి సంఘం పెట్టి తనే అధ్యక్షుడయ్యాడు. పట్టాల మీద చెత్త వేసినవాళ్లను పేరుపేరునా పిలిచి ప్రకృతి గురించి గడ్డి పెట్టాడు.

కొన్నాళ్లకు కంపలు కొట్టేసి కంకర పోశారు. "నడక బాటకి" అన్నాడు. కొత్త సిమెంటు దిమ్మెలు దింపారు. "బెంచీలకి" అన్నాడు. స్తంభం పాతి, దానికి ఎర్రదీపం బిగించారు. ఇదేమిటండీ అని పెద్దకోడలు అనుమానపడితే, పార్కన్నాక రంగుదీపాలుండవా అని కసిరాడు.

ఒకనాటి ఉదయం పడక్కుర్చీలో కాఫీ తాగుతుండగా చెవులు చిల్లులు పడేలా కూత వినిపించింది. కిటికీకి మూరెడు దూరంలో ఉన్నట్టే, బొగ్గు నింపిన గూడ్సుబండి పెట్టె తర్వాత పెట్టెగా సాగిపోయింది. దుమ్ము సర్దుకునేసరికి కిటికీ, కుర్చీ, తెల్లబూట్లు, అధ్యక్షుడు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి.

ఆ మొహంతోనే ఆయన పక్కింటికి వెళ్లాడు. పెద్దకోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెంటబడింది. అవతల వీధివాటాలో కుట్టుమిషను ఆగకుండా టకటకలాడుతూనే ఉంది.

పిన్నిగారు గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"మీ మాట నమ్మి కొంప ముంచుకున్నాను. పార్కు కడతారని మీకు చెప్పిన దౌర్భాగ్యులెవరండీ?"

పిన్నిగారు తలెత్తకుండానే అంది.

"మీ మరదలే."