ఎడమ పక్క

"మళ్ళీ విప్పుతున్నావా?" భర్త పకపకా నవ్వాడు. "సూదులు పట్టుకోవడం రాదు గానీ, కుక్కకి స్వెట్టరట!"

భార్య విప్పిన ఊలుని ఉండగా చుడుతూ, "కుడి పక్క బాగానే సరిపోతోందండీ. ఎడమ పక్కే బిగుసుకుపోతోంది. ఎన్నిసార్లు అల్లినా అంతే," అంది.

"లెక్క రాకపోతే అంతే మరి. ఫ్యాక్టరీలో రోజంతా కొలతలు తనిఖీ చేసేవాణ్ణి, నాకా చెబుతున్నావు?"

"రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. సమానంగానే ఉన్నాయి."

"అయితే కుక్కే వంకరన్నమాట! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ సంగతి."

"పోనీ, మీరే కొలవండి."

"చూసి నేర్చుకో!" అంటూ టేపు లాక్కుని, బల్ల కింద పడుకున్న కుక్కని లేపాడు. దారికి అడ్డొస్తే కాలితో పక్కకి నెట్టడమే గానీ, అతను దాన్ని చేత్తో నిమిరి చాలా కాలమైంది.

కుడి పక్క కొలిచాడు. ఎడమ పక్కకి టేపు తిప్పేసరికి కుక్క కుయ్యిమంది.

దట్టమైన బొచ్చు కింద, పక్కటెముకల మీద, నిమ్మకాయంత గడ్డ అతని వేళ్ళకి తగిలింది.

అతని నవ్వు ఆగిపోయింది. "ఇక్కడేదో ఉందే..." అన్నాడు.

ఆమె కూడా తడిమి చూసింది. "మీ మాటలు నమ్మి, నా వేళ్ళనే తిట్టుకుంటూ కూర్చున్నాను," అంది.

అతను ఇంకా టేపు వంకే చూస్తున్నాడు.

"తనిఖీ అయిందిగా," అందామె, కుక్కని ఎత్తుకుంటూ. "బండి తియ్యండి, డాక్టరు దగ్గరికి."