వెనక తలుపు

"ఒసే అనూరాధా! పాలు పొంగిపోతన్నాయి. నీ సెవులకి ఏటైనాదే?"

అనూరాధ లాప్‌టాప్ మూసి వంటింట్లోకి పరుగెత్తింది. పాలు నిజంగానే గట్టు దాటాయి. కేక వేసిన అత్తగారు లక్ష్మణమ్మ మాత్రం వసారాలో మంచం మీంచి కదల్లేదు. ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. పాల సంగతి వాసనతోనే పట్టేసింది.

ఫోన్లలో నెట్టు చవకైన కొత్తరోజులవి. భజనలు వినమని చిన్నకొడుకు బాబీ విశాఖపట్నం నుంచి ఫోను పంపిన దగ్గర్నుంచి ఆవిడ లోకం ఆవిడది. ఉండుండి "నారాయణ!" అంటూ గుండెల మీద చెయ్యేసుకుంటుంది. భక్తిలో అంత ఉలికిపాటు ఉంటుందని అనూరాధకి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది.

అనూరాధకి ఎంసీఏ ఉంది, కోటబొమ్మాళిలో కాపురం ఉంది, భర్త నరసింగరావు రైసు మిల్లుకి వెళ్ళాక బోలెడు మధ్యాహ్నాలున్నాయి. ఆ మధ్యాహ్నాల్లో రహస్యంగా ఒక దెయ్యాల గేము తయారుచేసింది. చీకటి కమ్మిన పాత ఇల్లు. ఆడేవాళ్ళు గది గదీ తిరిగి, బయటపడే దారి వెతుక్కోవాలి. ఇల్లు అచ్చంగా ఈ ఇల్లే. దెయ్యమేమో నడుముకి తాళాలగుత్తి దోపుకుని, ఏ గిన్నె కదిలినా వాసన పట్టి వచ్చే ఒక ముసలమ్మ. అత్తగారి కంట పడిందో, లాప్‌టాప్ బావిలో తేలుతుంది.

హైదరాబాదులో గేముల పోటీ. గెలిస్తే కంపెనీ వాళ్ళే విడుదల చేసి, ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగం కూడా ఇస్తారు. గడువు నెలాఖరు. పంపేముందు ఎవరైనా ఆడి, మంచీచెడూ చెప్పాలి. మరిది బాబీ మెయిలుకి లింకు పంపి, కింద "అత్తకి తెలియనివ్వకు" అని రాసింది.

రెండ్రోజుల్లో బాబీ పేరుతో అభిప్రాయం వచ్చింది. ఒక్క కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు.

"ఇల్లు బాగున్నాది గాలికి రేకు కొట్టుకున్న సప్పుడు బాగున్నాది మనుసులు లేని వంటింట్లో పొయ్యి ఎచ్చగున్నాది అక్కడ ఒళ్ళు జలదరించినాది గాని దెయ్యం గదికోపాలి వస్తన్నాది అస్తమానూ కనపడే ముసల్దానికి ఎవులు బయపడతారు పైగా ఎనక తలుపు తీసుంచి దీపమెట్టినాది అలాటి ఆడది ఈ జిల్లాలో ఉన్నాదా రెండు స్టార్లు"

బాబీ పరీక్షల్లోనూ చుక్క పెట్టేవాడు కాదని అత్తగారే చెబుతుంది. అనూరాధకి కడుపు మండింది, కానీ మాట తగలాల్సిన చోటే తగిలింది. సంధ్యదీపం పెట్టేముందు పెరటి తలుపు మూయాలి. లేకపోతే ముందు గుమ్మంలో అడుగుపెట్టిన లక్ష్మి వెనకనుంచి చక్కా పోతుంది. పెళ్ళైన వారానికే ఈ విషయంలో ఆమెకి అక్షింతలు పడ్డాయి. ఈ ఇంట్లో పెరిగినవాడు కాబట్టి బాబీ పట్టేశాడు.

సరిదిద్దాలంటే టైమెక్కడిది? మర్నాడు మినపపప్పు చేట ముందేసుకుని కూర్చుంటే లక్ష్మణమ్మ లాక్కుంది.

"మద్దేన్నం పూట నా కళ్ళముందు తిరక్కు. నీ గదిలోకి పోయి తలుపేసుకో."

"నేను చేస్తానత్తా."

"నువ్వు బాగుసేసిన పప్పులో పప్పు కంటే రాళ్ళే ఎక్కువ. ఎల్లు!"

అవమానాన్ని దిగమింగి అనూరాధ వెళ్ళింది. ఆ రోజే కాదు, ఆ వారమంతా అవమానాలే. ఆ వారమంతా పని సాగింది.

గదుల్లోంచి దెయ్యాన్ని తీసేసింది. దూరంగా తాళాల చప్పుడు మాత్రం ఉంచింది. చివర్న ఆడేవాళ్ళు దీపం వెలిగించాలి. వెలిగించగానే వెనక తలుపు దానంతటదే మూసుకుని, గొళ్ళెం పడుతుంది. అంతే. ఎవరూ కనబడరు. తను చేసిందే అయినా, పట్టపగలు అనూరాధ కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుంది.

డాబా మీంచి అత్తగారి గొంతు వినబడుతోంది. కొత్తవలసలో అక్క గున్నమ్మతో కాబోలు. ఫోను నోటికెదురుగా పళ్ళెంలా పట్టుకుని మాట్లాడుతుంది, పాపం, పట్టుకోవడం తెలీదు. ఆ అక్కని ఒక్క మాటా మాట్లాడనివ్వదు.

సాయంత్రానికి బాబీ పేరుతో రెండో అభిప్రాయం.

"తలుపు మూసుకున్న కాడ పేణం పోనాది ముసల్ది కనపడకపోడమే బాగున్నాది మెట్లు తగ్గించు ఎక్కలేక కాళ్ళు లాగుతన్నాయి తాళాలగుత్తి ఇంకా పెద్దది పెట్టు ముసల్దానికి అదే అందం అయిదు స్టార్లు"

పాతికేళ్ళవాడికి గేములో మెట్లెక్కితే కాళ్ళు లాగడమా! పట్నం తిండి అలాంటిదనుకుని అనూరాధ మెట్లు తగ్గించింది, గుత్తి పెంచింది.

మొదటి బహుమతి వచ్చింది. "దెయ్యాన్ని చూపించకుండా, ఒక్క తలుపు మూసి వణికించిన గేము" అన్నారు న్యాయనిర్ణేతలు. నరసింగరావు మిల్లులో అందరికీ మిఠాయిలు పంచాడు. ఇక దాచి లాభం లేదు. అనూరాధ వసారాలోకి వచ్చి నిలబడింది.

"అత్తా, అందులో ఒక ముసలమ్మ ఉంటుంది. కొంచెం... మీలా ఉంటుంది."

లక్ష్మణమ్మ ఒక చెవిలోంచి వైరు తీసింది.

"నాలాగా? నాకంత పెద్ద తాళాలగుత్తి ఎక్కడున్నాదే? పో, పోయి పాయసమెట్టు."

వైరు మళ్ళీ చెవిలో పెట్టేసుకుంది. లాప్‌టాప్ దక్కింది, ఉద్యోగం దక్కింది, పైగా పాయసం! ఆ సంతోషంలో అనూరాధ మరిదికి ఫోను చేసింది.

"ఈ బహుమతిలో సగం నీదే బాబీ!"

"నాదేటి వదినా? నాకు దెయ్యాలంటే బయం. లైటు ఆర్పి పడుకోను కూడా."

"మెయిల్లో లింకు పంపాను కదా! రెండుసార్లు రాశావు కూడా."

"ఏ మెయిలు? నాను అది తెరిసి ఏడాది దాటినాది. నా పాత ఫోన్లోనే ఉండిపోనాది."

"ఆ పాత ఫోనేం చేశావు?"

వసారాలోంచి "నారాయణ!" అని వినబడింది.