డాక్టరు గారి తొండం

అడవిలో ఏనుగు గారు డాక్టరు. మెత్తని మనసు. మందు వేశాక ప్రతి రోగినీ తొండంతో నిమిరితే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు.

ఒకసారి అడవిపంది కాలి పుండు ఏ మందుకూ లొంగలేదు. అందులోని క్రిములు మందులు తినీ తినీ రాటుదేలాయి మరి. రెండు రోజులకు పక్క మంచం మీది కుందేలు గాయమూ అలాగే మొండికేసింది.

"ఇంకా ఘాటైన మందు నూరు!" అన్నారు డాక్టరు గారు.

"అన్నీ అయిపోయాయండీ," అంది నర్సు బాతు.

అంతలో ముల్లు దిగిన జింకపిల్లను తెచ్చారు. "ఏడవకమ్మా," అంటూ ఆయన కుందేలును నిమిరిన తొండాన్నే అటు చాచారు. బాతు రెక్కలు విప్పి అడ్డం నిలబడింది.

"ముందు తొండం కడుక్కోండి!"

"జానెడు లేవు, నా తొండాన్నే అనుమానిస్తావా?"

"మిమ్మల్ని కాదండీ, దాని మీద ఎక్కి వచ్చేవాళ్ళను. ఆ క్రిములకు కాళ్ళు లేవు. పంది దగ్గర్నుంచి కుందేలు దగ్గరికి ఎలా వెళ్ళాయంటారు?"

ఏనుగు గారు పందిని చూశారు, కుందేలును చూశారు. తొండాన్ని కుంకుడు రసంలో ముంచి, శుభ్రంగా రుద్ది కడిగారు.

జింకపిల్ల గాయం నాలుగు రోజుల్లో మానింది. వెళ్ళేముందు నిమరబోతే అది తల వెనక్కి తీసుకుంది.

"కడుక్కున్నావా తాతా?"

"రెండుసార్లు కడిగానమ్మా! కావాలంటే బాతమ్మను అడుగు."