ముందు సెకండాఫ్

తెర మీద హీరోయిన్ తన భర్త చొక్కా పట్టుకుని చర్రున చించింది. గుండె ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి.

అప్పుడే ప్రొజెక్టర్ రూములోకి అడుగుపెట్టిన ఆపరేటర్ ఓబులేష్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ సీను ఇంటర్వెల్ తర్వాత రావాలి. సినిమా మొదలై ఇంకా ఇరవై నిమిషాలు కాలేదు!

కంప్యూటర్ దగ్గరికి ఉరికాడు. పొద్దున నగల షాపు ప్రకటనలు చేర్చేటప్పుడు వరస మారిపోయింది. సెకండాఫ్ పైన ఉంది, ఫస్టాఫ్ కింద ఉంది. షో మొదలుపెట్టగానే ఏసీ ఆగిపోయిందంటే చూడ్డానికి కిందికి పోయాడు. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది.

ఫోన్ చేసిన రెండు నిమిషాలకే థియేటర్ ఓనర్ పీర్ బాషా రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోనుంటివి?"

"ఆపేసి మళ్లా మొదటి నుంచి వేస్తానన్నా."

"ఆపుతావా! హైదరాబాదు నుంచి, కడప నుంచి రివ్యూలు రాసేటోళ్లు పన్నెండు మంది వచ్చి కూచోనుండారు. కర్నూల్లో బొమ్మ వేయడం గూడా రాదని రేపు ఊరూరా చెప్తారు."

"మరెట్లన్నా?"

"ఇంతవరకు ఎవురూ లేసి అరవలేదు గదా, జరగనీ. ఆ డైరెక్టర్ లేసినాడంటే మాత్రం నేనేం జేయలేను. హైదరాబాదులో కూచోని ఈడ బొమ్మ ఆడించే మిషన్ వచ్చిండాది. రేప్పొద్దునే పెట్టిస్తా. నువ్వు ఇంటికాడ కాళ్లు సాపుకోని కూచుందువు."

బాషా తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

ఓబులేష్ గోడకున్న చిన్న అద్దానికి కళ్లు ఆనించాడు. నాలుగో వరసలో మధ్య సీట్లో డైరెక్టర్ యేసుప్రసాద్ కూర్చున్నాడు. వరసగా ఆరు హిట్లు కొట్టిన మనిషి. పుట్టింది కర్నూల్లోనే కాబట్టి 'బదులుమనిషి'ని విడుదలకు ముందు విమర్శకులకు ఇక్కడే వేయించాడు.

ఆ సినిమాలో ఊరి జనమంతా ఇళ్లలోనే ఉండిపోతారు. ఆఫీసులకూ పెళ్లిళ్లకూ అచ్చం తమలాగే ఉండే మరమనుషుల్ని పంపిస్తారు. ఆ మరమనుషుల్లో ఒకడు హంతకుడు. ఎవడన్నది ఆఖరి పది నిమిషాల్లో బయటపడాలి.

ఇక్కడ అది ఇంటర్వెల్‌కే బయటపడింది. ఆ వెంటనే పనిచేసినవాళ్ల పేర్లన్నీ కింది నుంచి పైకి పాకాయి.

డైరెక్టర్ లేచాడు!

డైరెక్టర్ పైకి రాలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

ఓబులేష్ దొంగలా మెట్లు దిగి టీ కొట్టు పక్కన నిలబడి చెవి ఒగ్గాడు.

"హంతకుడెవడో ముందే చెప్పేశాడమ్మా, ఎంత ధైర్యం!" అంటున్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ముసలి విమర్శకుడు. "నలభై ఏళ్లుగా రాస్తున్నాను. ఇలాంటి పని ఎవడూ చేయలేదు."

"ఇంటర్వెల్‌కే పేర్లన్నీ వేసేసినాడు సార్!" అంది కడపలో సినిమా చానల్ నడిపే సాజియా. "నేనైతే యాడా సూళ్లేదు. ఎన్ని స్టార్లిస్తారు సార్?"

"నాలుగు."

"ఆ సచ్చిపోయినోడు మళ్లా వస్తాడంటారా?"

"వస్తే నాలుగున్నర."

ఓబులేష్‌కు డైరెక్టర్ గుర్తొచ్చాడు. వీళ్లకు తెలియకపోతే పోనీ, తీసినవాడికి తెలియదా? టీ గ్లాసు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ యేసుప్రసాద్ తలెత్తి ప్రొజెక్టర్ రూము వైపే చూస్తున్నాడు. అందరి ముందు గొడవెందుకని ఊరుకున్నాడేమో. షో అయ్యాక పట్టుకుంటాడు.

ఇంటర్వెల్ తర్వాత సినిమా పేరు పడింది. హాల్లో ఈలలు వేశారు. చచ్చినవాడు బతికి వచ్చి కాఫీ తాగాడు. చప్పట్లు కొట్టారు. ఓబులేష్ ఆపాలని రెండుసార్లు మీట మీద చెయ్యి వేసి తీసేశాడు.

చివరికి హీరో అద్దం ముందు నిలబడి, "నువ్వు నేనా? నేను నువ్వా?" అని అరిచాడు. తెర నల్లబడింది. పెద్ద అక్షరాలతో 'విరామం' అని పడింది. అక్కడితో ఆగిపోయింది.

అయిపోయాననుకున్నాడు ఓబులేష్.

"ఆహా!" ముసలి విమర్శకుడు లేచి నిలబడ్డాడు. "బతుక్కి విరామమే తప్ప ముగింపు లేదన్నాడు!"

"ఐదు!" అని అరిచింది సాజియా. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల మధ్యే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. యేసుప్రసాద్ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. మొహం నిండా చెమట.

"ఆపరేటర్ నువ్వేనా?"

"అవును సార్."

"ఇంటర్వెల్ తర్వాత పేరు పడింది. ఆఖర్న విరామం పడింది. బొమ్మను తలకిందులు చేసినావా ఏంది?"

ఓబులేష్ రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది సార్. పదిహేడేండ్ల నుంచి ఈ రూములోనే ఉండా, ఎప్పుడూ ఇట్ల కాలేదు. మీరు ఒక్కమాట అంటే సాలు, ఓనర్ మిషన్ పెట్టించి నన్ను ఇంటికి పంపిస్తాడు."

"అది సరే. నిన్న కాపీ వచ్చినప్పుడు వేసి సూసినావా?"

"సూసినా సార్. సరైన వరసలోనే, మొదట్నుంచి ఆఖరిదాకా."

యేసుప్రసాద్ అమ్మయ్య అంటూ స్టూలు మీద కూలబడ్డాడు. అద్దంలోంచి ఒకసారి కిందికి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"అయితే ఆ కథేందో ఐదు నిమిషాల్లో వరసగా చెప్పప్పా. కింద మైకులు పట్టుకోని కాసుకోనుండారు. షూటింగుకు నా బదులు వేరేవోళ్లను పంపిస్తి. నేను గూడా ఈ సినిమా సూడ్డం ఇదే మొదటిసారి."